ఆగమన్న మాట

మొన్న మంగళవారం ఉదయం, ఫరీదాబాద్‌లో నేను పాఠాలు చెప్పే నర్సింగ్ కాలేజీలో క్లాసు గది దాకా వచ్చి ఆగిపోయాను. లోపల ఒక అమ్మాయి పుస్తకం పైకి చదువుతోంది. కామా దగ్గర ఆగడం లేదు, వాక్యం అయిపోయినా ఆగడం లేదు. కుళాయి కట్టేయడం మరిచిపోయిన బకెట్లోంచి నీళ్ళు పొర్లుతున్నట్టు ఒకటే ధార. లోపలికి అడుగు పెట్టడానికి కొంతసేపు పట్టింది. పదిహేనేళ్ళ క్రితం నా చదువు చప్పుడు కూడా అచ్చం ఇలాగే ఉండేది. ఆ చదువు ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. సమయానికి అడ్డుపడింది సువార్తమ్మ ఆంటీ. ఆవిడ ఎవరో మీకు తెలియదు. ఆవిడ పేరు ఏ పత్రికలోనూ రాలేదు, ఏ గోడ మీదా లేదు. అందుకే రాస్తున్నాను.

మాది రేపల్లె దగ్గర ఒక ఊరు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివాను. జనక్‌పురిలో ఉండే మా పిన్ని నన్ను ఢిల్లీ రప్పించి, ఒక ఆస్పత్రికి అనుబంధంగా ఉన్న కాలేజీలో బీఎస్సీ నర్సింగ్‌లో చేర్పించింది. స్కూల్లో చదివినట్టే ఇక్కడా చదివాను. అర్థం కాని ఇంగ్లిషు పేజీని అర్థం కాకుండానే కంఠస్థం చేసేదాన్ని. నిజం చెప్పాలంటే నా జ్ఞాపకశక్తి చూసి నాకే గర్వంగా ఉండేది. ఫలానా బొమ్మ ఎడమవైపు పేజీలో, కింది మూలన ఉందని కూడా చెప్పగలిగేదాన్ని. మొదటి ఏడాది పరీక్షల్లో ప్రశ్నలు పుస్తకంలో ఉన్నట్టు రాలేదు, కాస్త తిప్పి అడిగారు. నాకు వచ్చిందంతా వచ్చిన వరసలో రాసి వచ్చాను. రెండు సబ్జెక్టులు పోయాయి. సప్లిమెంటరీలో కూడా పోతే కాలేజీ నుంచి పేరు తీసేస్తామని ప్రిన్సిపల్ మేడమ్ పిలిచి చెప్పారు. ఆ మాట అమ్మకు ఫోన్లో చెప్పలేక, పరీక్షలు ఇంకా దిద్దుతున్నారని అబద్ధమాడాను.

పిన్ని మాత్రం పసిగట్టింది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో నన్ను చెయ్యి పట్టుకుని ఒకావిడ ముందు నిలబెట్టింది. పొట్టి మనిషి, బిగించి ముడేసిన జుట్టు, ఎవరినైనా రెప్ప వేయకుండా చూసే కళ్ళు. ఆవిడే సువార్తమ్మ ఆంటీ. మా కాలేజీ ఆస్పత్రిలోనే మగవాళ్ళ మెడికల్ వార్డుకు ఇన్‌చార్జి సిస్టర్. బాపట్ల నుంచి వచ్చి ఢిల్లీలో ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్నారు. ఆవిడ వార్డులో పోస్టింగ్ పడితే మా సీనియర్లు ముందు రోజు నుంచే ప్రార్థన చేసుకునేవాళ్ళు.

“పుస్తకం ఉందా సంచీలో? తియ్యి,” అన్నారు ఆంటీ. ఒంట్లో నీరు తగ్గిపోవడం గురించి ఒక పేరా చూపించి చదవమన్నారు. తడుముకోకుండా చదివేశాను. ఆవిడ పుస్తకం లాక్కుని మూసేశారు.

“ఇప్పుడు చెప్పు.”

నేను కళ్ళు మూసుకుని పేరా అంతా ఒప్పజెప్పాను. ఒక్క మాట కూడా పొల్లుపోలేదు. పిన్ని ముఖం వెలిగిపోయింది.

“అట్టా కాదమ్మాయ్. వాంతులయ్యే పిల్లని ఎత్తుకుని ఓ తల్లి వచ్చింది. ఆమెకి ఇంగ్లిషు రాదు. ఆమెకి చెప్పు.”

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. పిల్ల నోరు ఎండిపోతుందనీ, కళ్ళు లోపలికి పోతాయనీ, ఏడిస్తే కన్నీళ్ళు రావనీ ఆ పేరాలోనే ఉంది. మా ఊళ్ళో అటువంటి పిల్లల్ని నేను కళ్ళారా చూశాను. ఆ పిల్లలూ ఈ పేరాలోని పిల్లలూ ఒకటేనని నాకు తట్టనే లేదు.

“అచ్ఛా,” అన్నారు ఆంటీ, పుస్తకం నా చేతికిస్తూ. “ఎల్లుండి నుంచి నాలుగున్నరకి ఇంటికి రా. ఏడుపు మాత్రం ఇంట్లోనే పెట్టేసి రా.”

ఆవిడ ఫ్లాట్ మా పిన్ని వాళ్ళకు రెండు వీధుల అవతల, రెండో అంతస్తులో. డ్యూటీ నుంచి వచ్చి, గోరువెచ్చని ఉప్పునీళ్ళ బకెట్లో వాచిన పాదాలు పెట్టుకుని కూర్చునేవారు. ఒళ్ళో ఒలవాల్సిన కూరో, చిక్కుళ్ళో ఉండేవి. నేను ఎదురుగా కింద కూర్చునేదాన్ని. రోజుకు రెండు పేజీలే. మొదట్లో అది నాకు ఎంతో అవమానంగా ఉండేది. తోటి పిల్లలు రోజుకు ముప్ఫై పేజీలు తిప్పుతుంటే నేను రెండు పేజీల దగ్గర కూర్చోవడమేమిటి? పేరా మొదలుపెట్టేముందు పైనున్న శీర్షిక చూసి, ఇందులో ఏం చెబుతాడో ముందుగా ఊహించి చెప్పమనేవారు. పేరా చదివాక పుస్తకం మూసి, తెలుగులో చెప్పమనేవారు. చెప్పగలిగితే, ఆ పేరా ఏ ప్రశ్నకు జవాబో ఆ ప్రశ్నను పక్కన పెన్సిల్‌తో రాయాలి. చెప్పలేకపోతే మళ్ళీ మొదటి నుంచి. రంగు పెన్నుతో గీతలు గీస్తుంటే ఒకరోజు పెన్ను లాక్కుని కూరగాయల తొక్కల్లో పడేశారు. “ఏది ముఖ్యమో తెలియకముందే గీస్తావేంటి? పేజీ అంతా పసుపు పూసిన గడపలాగుంది.”

మెచ్చుకోలు అన్నది ఆవిడ దగ్గర దొరికేది కాదు. ఒకే పేరా తొమ్మిది సార్లు చదివించిన రోజు నేను బాత్రూములోకి వెళ్ళి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చాను. ఆవిడ చూసి కూడా చూడనట్టే పదోసారి చదవమన్నారు. ఒక్కసారి మాత్రం ఆవిడే తన సంగతి చెప్పారు. ఢిల్లీ వచ్చిన కొత్తలో ఆవిడకూ ఇంగ్లిషు రాదట. మందుల డబ్బాల్లో మడతలు పెట్టి ఉండే కాగితాలను ఎవరూ చదవకుండా పారేస్తుంటే, ఏరుకుని ఇంటికి తెచ్చుకుని, ఒక్కో కాగితం రెండు మూడు రోజులు కూర్చుని విప్పుకునేవారట. “నాకు చెప్పేవాళ్ళు లేరు. నీకు నేనున్నా. అందుకే నీ మీద కోపం,” అన్నారు. అది ఏ లెక్కన కోపమో అప్పుడు నాకు అర్థం కాలేదు.

రెండు నెలలకు కాస్త మార్పు వచ్చింది. పేరా మూసి చెప్పడం అలవాటవుతోంది. క్లాసులో మేడమ్ అడిగిన ప్రశ్నకు మొదటిసారి నా సొంత మాటల్లో జవాబు చెప్పాను. ఆ ధీమాలో ఉండగానే నవంబరు వచ్చింది, ఆవిడ వార్డులోనే నాకు పోస్టింగ్ పడింది.

కిటికీల అవతల పొగ తప్ప ఏమీ కనిపించని ఉదయం. వార్డు నిండా దగ్గులు. పదకొండో మంచం మీద బస్సు కండక్టరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన. గుండె జబ్బు. పక్కన ఆయన కూతురు. పొద్దున్నే వేసే మాత్రల ట్రే నా చేతిలో ఉంది. ఆంటీ పదో మంచం దగ్గర, సెలైన్ ఆగిపోయిన రోగి చేతికి సూది సరిచేస్తున్నారు. “నాడి చూసి ఉంచు. నేను వచ్చేదాకా ఆగు,” అన్నారు నాతో. చూశాను. యాభై రెండు. చార్టు తీశాను. గుండె మాత్ర పేరు, దాని పక్కన ఇంగ్లిషులో డాక్టరు రాసిన ఒక ముక్క: నాడి అరవై కన్నా తక్కువ ఉంటే ‘విత్‌హోల్డ్’.

ఆ మాట నేను అంతకుముందు చదవలేదు. కానీ తెలియని మాటలా అనిపించలేదు. ‘విత్’ తెలుసు, ‘హోల్డ్’ తెలుసు. హోల్డ్ అంటే పట్టుకోవడం. పట్టుకుని ఉండు, వదలకు, మందు మానొద్దు. నాడి తక్కువగా ఉంది కాబట్టి మందు తప్పకుండా పడాలి. ఎంత చక్కగా కుదిరిందో! అర్థం చేసుకుని చదవడమంటే ఇదే కదా అని లోపల్లోపల మురిసిపోయాను కూడా.

నాన్నకు మందు ఇచ్చేయమని, చాయ్ చల్లారిపోతోందని కూతురు తొందరపెట్టింది. “దీదీ, పాపాకో దవాయీ దే దో నా. చాయ్ ఠండీ హో రహీ హై.”

ఆంటీ వీపు నాకు కనిపిస్తూనే ఉంది. ఒక్క నిమిషం ఆగితే సరిపోయేది. మాత్ర ఆయన అరచేతిలో పెట్టాను, నీళ్ళ గ్లాసు అందించాను.

“నాడి ఎంతుంది?” ఆంటీ వెనక్కి తిరగకుండానే అడిగారు.

“యాభై రెండు సిస్టర్.”

“చార్టులో ఏముంది?”

చదివాను. ఉచ్చారణలో ఏ తప్పూ లేదు.

“అంటే?”

“అంటే... మందు ఆపకుండా ఇవ్వాలని.”

ఆంటీ తిరిగారు. అంత వేగంగా ఆ వాచిన పాదాలతో ఎలా కదిలారో నాకు తెలియదు. పెద్దాయన మాత్ర నోట్లో వేసుకున్నారు, గ్లాసు పెదవుల దాకా వచ్చింది. ఆంటీ ఒక చేత్తో గ్లాసు పక్కకు నెట్టారు. రెండో అరచెయ్యి ఆయన గడ్డం కింద పెట్టారు. “థూకియే, బాబూజీ. అభీ థూకియే.” నీళ్ళు దుప్పటి మీద ఒలికాయి. ఆయన బెదిరిపోయి నోట్లోది ఉమ్మేశారు. అంచు కరిగిన తెల్లటి మాత్ర ఆంటీ చేతిలో పడింది. ఆవిడ దాన్ని చూశారు, నన్ను చూశారు. అరవలేదు. డాక్టరుకు కబురు పంపారు. అప్పటికే నెమ్మదిగా కొట్టుకుంటున్న గుండెను ఆ మాత్ర ఇంకా నెమ్మది చేసేదని, ‘విత్‌హోల్డ్’ అంటే ఇవ్వకుండా ఆపమని, ఆ తరవాత స్టోర్ గదిలో నాకు చెప్పారు. దుప్పట్ల బొత్తిని పట్టుకుని నిలబడ్డాను.

“తెలియని మాటొస్తే ఆగుతావు, నాకు తెలుసు. తెలిసిందనుకున్న మాట దగ్గర నిన్నెవరాపుతారు?” అని, ఒక తెల్ల కాగితం నా ముందు పెట్టారు. “జరిగింది రాయి. నీ మాటల్లో.”

“ఆంటీ, ఆయనకేం కాలేదు కదా. ఎవరూ చూడలేదు. ఇది ప్రిన్సిపల్ దగ్గరకెళ్తే నన్ను పంపించేస్తారు. మా అమ్మకి ఏం చెప్పను?”

“ఆయన చూశాడు. నేను చూశా. రాయి.”

నేను రాస్తుండగానే ఆవిడ వెళ్ళి, పెద్దాయన కూతురికి కూడా ఉన్నదున్నట్టు చెప్పేశారు. చదువుకునే పిల్ల చేత మందులిప్పిస్తారా, నాన్నకేమైనా అయితే అంటూ ఆ అమ్మాయి వేసిన కేకలు వార్డంతా వినిపించాయి. “స్టూడెంట్ సే దవాయీ దిల్‌వాతే హో? మేరే పాపా కో కుఛ్ హో జాతా తో?” ఆంటీ తల వంచుకుని నిలబడ్డారు. ఇరవై ఆరేళ్ళ సర్వీసున్న మనిషి, వార్డు మొత్తం చూస్తుండగా, ఇరవయ్యేళ్ళ పిల్ల చేసిన తప్పుకు మాటలు పడుతున్నారు. నాకు మాత్రం ఆ క్షణంలో జాలి కలగలేదు. ఇదంతా ఎందుకు చెప్పాలి, నన్ను ఎందుకు ముంచాలి అనే కోపమే వచ్చింది. సాయంత్రం పిన్ని వెళ్ళి బతిమాలింది. కాగితం పైకి వెళ్ళిపోయిందని ఆంటీ గుమ్మంలోనే చెప్పి పంపేశారట. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఫోను మోగితే అమ్మేమోనని ఎత్తేదాన్ని కాదు.

మూడో రోజు ప్రిన్సిపల్ మేడమ్ గదికి పిలిపించారు. బల్ల మీద రెండు కాగితాలు. ఒకటి నాది. రెండోది ఆంటీ ఇంగ్లిషులో రాసిన నివేదిక, ఒకటిన్నర పేజీ.

“ఇది చదివి, కింద సంతకం చెయ్యి. ఇందులో ఉన్నది నిజమేనని,” అన్నారు మేడమ్.

అదివరకైతే కళ్ళతో ఒకసారి తడిమి సంతకం పెట్టేదాన్ని. పెన్ను చేతిలోకి తీసుకున్నాను కూడా. అలవాటుకొద్దీ మొదటి పేరా చదివి, కాగితం తిప్పి పెట్టి, మనసులో తెలుగులో చెప్పుకున్నాను. తరవాత రెండోది. మూడో పేరాలో ఇలా ఉంది: ఇన్‌చార్జి పక్కన లేకుండా విద్యార్థిని చేతికి మాత్రల ట్రే ఇవ్వకూడదన్నది వార్డు నియమం. నేను పక్క మంచం దగ్గరికి వెళుతూ ట్రే ఆమె దగ్గరే వదిలాను. ఆమె నాడి చూసింది, చార్టు చదివింది, మాత్ర ఇచ్చింది. ఈ తప్పుకు బాధ్యత నాది.

కాగితం తిప్పి చెప్పుకున్నాను. ఆంటీ పక్క మంచం దగ్గరికి వెళ్ళారు. నేను నాడి చూశాను. చార్టు చదివాను. మాత్ర ఇచ్చాను. అన్నీ నిజమే. అయినా చెప్పుకుంటుంటే ఎక్కడో ఒక మెట్టు తగ్గి కాలు జారినట్టయింది. మళ్ళీ చెప్పుకున్నాను. అప్పుడు దొరికింది. నేను వచ్చేదాకా ఆగమని ఆవిడ అన్న మాట అందులో లేదు. ఆ రోజు కంగారులో నేను రాసినదాంట్లోనూ లేదు.

ఆ మాట ఉంటే తప్పు నాది. లేకపోతే ఆవిడది. ఒకటిన్నర పేజీలో ఎక్కడా అబద్ధం లేదు. ఆ ఒక్క మాట లేకపోవడం వల్లే నేను కాలేజీలో మిగులుతాను. నా జీవితంలో ఒక కాగితాన్ని మొదటిసారి నిజంగా చదివింది ఆ గదిలోనే. మేడమ్ గడియారం చూసుకుంటున్నారు. సంతకం పెట్టి లేచి వచ్చేయవచ్చు. ఎవరూ నన్ను అడగరు.

“మేడమ్, ఇందులో ఒకటి లేదు,” అన్నాను. “సిస్టర్ నన్ను ఆగమన్నారు. నేనే ఆగలేదు.”

మేడమ్ కాగితం నా వైపు జరిపి, “కింద రాయి,” అన్నారు. వంకర ఇంగ్లిషులో రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టాను.

నన్ను పంపించేయలేదు. నెల రోజులు వార్డులోకి రానివ్వలేదు, ఆ పోస్టింగ్ మొత్తం మళ్ళీ చేయాలన్నారు, సప్లిమెంటరీ పరీక్షకు మాత్రం కూర్చోనిచ్చారు. దెబ్బ ఆంటీకి తగిలింది. ట్రే వదిలినందుకు ఒక మందలింపుతో పోయేదట. నేను రాసిన రెండు వాక్యాలు చూశాక, విద్యార్థినిని కాపాడటానికి సంగతి దాచారని ఆస్పత్రి పెద్దలు పట్టుకున్నారు. లిఖితపూర్వకంగా మెమో ఇచ్చారు. ఇన్‌చార్జి పదవి తీసేసి ఓపీ విభాగానికి మార్చారు. ఆ ఏడాది ఆవిడకు రావలసిన ప్రమోషన్ ఇంకొకరికి వెళ్ళింది. ఇదంతా నాకు పిన్ని చెప్పింది. నాలుగు రోజులు ఆ ఇంటివైపు వెళ్ళే ధైర్యం చేయలేకపోయాను. అయిదో రోజు ఆవిడే ఫోను చేశారు. “పరీక్ష పెట్టుకుని ఎక్కడ తిరుగుతున్నావు? నాలుగున్నరకి రా.”

వెళ్ళాను. బకెట్లో పాదాలు, ఒళ్ళో చిక్కుళ్ళు. నేను నిలబడే ఉన్నాను.

“ఎవరు రాయమన్నారు నిన్ను?”

“మీరే కదా ఆంటీ, ఆ రోజు... జరిగింది రాయమన్నారు.”

“నేనేమన్నా అబద్ధం రాశానా?”

“లేదు. ఒక నిజం రాయలేదు.”

ఆవిడ చేతులు ఆగాయి. “ఆ మాట లేదని నీకెట్టా తెలిసింది? మేడమ్ చెప్పిందా?”

“లేదు. పేరా చదివి, మూసి, చెప్పుకున్నాను. మధ్యలో తెగింది.”

ఆంటీ ఒక చిక్కుడుకాయ అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నారు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరగడం నేను చూసింది ఆ ఒక్కసారే. కాసేపటికి, “పొయ్యి మీద పప్పు మాడుతోంది, చూడు,” అన్నారు.

నేను వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ఆపి వచ్చేసరికి మామూలు మనిషయ్యారు. “నువ్వా రెండు ముక్కలు రాస్తే నాకు ఇట్టా అవుద్దని నీకు తెలీదు కదా,” అన్నారు.

“తెలీదాంటీ. నిజంగా తెలీదు.”

“తెలిసుంటే రాసేదానివా?”

నేను జవాబు చెప్పలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు. “కూర్చో. ఎన్నో పేజీ?” అన్నారు.

సప్లిమెంటరీలో ఒక సబ్జెక్టు బాగానే గట్టెక్కింది, రెండోదాంట్లో అంచు మీద నిలబడి పాసయ్యాను. ప్రశ్నపత్రం చేతికి రాగానే రాయడం మొదలుపెట్టకుండా, ప్రతి ప్రశ్న ఏం అడుగుతోందో మనసులో తెలుగులో చెప్పుకున్నాను. పక్క అమ్మాయి అప్పటికే రెండో పేజీ తిప్పుతోంది. ఆ కంగారులోనూ చెయ్యి కదపకుండా కూర్చోవడం, నేను ఆ పరీక్షలో చేసిన అన్నిటికన్నా కష్టమైన పని.

ఆంటీ మళ్ళీ ఇన్‌చార్జి కాలేదు. ఓపీలో చీటీలు చూసి మనుషుల్ని పంపే పనిలోనే రిటైరయ్యారు. చివరి రెండేళ్ళు ఆరోగ్యం బాగాలేక, బాపట్లలో చెల్లెలి ఇంట్లో ఉండి, నిరుడు వానాకాలంలో కన్నుమూశారు. అంతకు వారం ముందు వెళ్ళి చూశాను. ఆ మెమో సంగతి ఇద్దరం ఎత్తలేదు. నా విద్యార్థులు ఎలా చదువుతున్నారని అడిగారు. చెప్పాను. వింటూ నిద్రపోయారు.

ఇప్పుడు నాకు పెద్ద పెద్ద ఇంగ్లిషు మాటలంటే భయం లేదు. ఏదైనా చదవగానే ఇట్టే తెలిసిపోయిందనుకోండి, అక్కడ భయమేస్తుంది, వెనక్కి వెళతాను. బ్యాంకులో కాగితం మీద సంతకం పెట్టడానికి నాకు పట్టే సమయానికి వెనక లైన్లో ఉన్నవాళ్ళు విసుక్కుంటారు. ఆ మాటలు పడతాను. అది ఆవిడిచ్చింది, హాయిగానే మోస్తున్నాను. మోయలేనిది ఇంకొకటుంది. తెలిసుంటే రాసేదానివా అని ఆవిడ అడిగిన ప్రశ్న. రాసేదాన్నని చెప్పాలని ఉంటుంది. ఆవిడ పాదాలు, ఆ బకెట్టు, ఓపీ కిటికీ దగ్గర గంటల తరబడి నిలబడిన ఆ చివరి ఏళ్ళు గుర్తొస్తాయి, రాసేదాన్ని కాదని చెప్పాలనిపిస్తుంది. రెండిట్లో ఏది చెప్పినా నిజం పూర్తిగా చెప్పినట్టు ఉండదు. పదిహేనేళ్ళుగా ఆ ఒక్క వాక్యాన్ని చదువుతూనే ఉన్నాను.